పొలం పనికి పాత లారీ కొనేటప్పుడు ఏమేమి చూడాలి?
కావలి దగ్గర వరి సాగు చేస్తూ, ధాన్యం మిల్లుకు తోలడానికి పాత పది చక్రాల లారీ కొనవచ్చా అని అడిగారు. కొనవచ్చు, కానీ ఇంజను సంగతి తరువాత, ముందు ఛాసిస్ (బండి అడుగు చట్రం) కిందికి దూరండి. మన వైపు అమ్మకానికి వచ్చే వాటిలో చీమకుర్తి గ్రానైటు మోసినవి, రొయ్యలు తోలినవి కూడా ఉంటాయి. రాళ్లు మోసిన బండికి ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు, విరిగిన కమాను పట్టీలు కనిపిస్తాయి. రొయ్యల బండిని ఉప్పునీరు తినేస్తుంది. స్క్రూడ్రైవరుతో గీరితే తుప్పు పొరలుపొరలుగా రాలుతుంది. అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే నాకైతే అనుమానమే.

ఇంజను చూడటానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. లేకపోతే వేడెక్కించి ఉంచుతారు. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున వచ్చిందంటే ఇంజనులోని పిస్టన్ రింగులు అరిగినట్టే.

కాగితాలకు వస్తే, బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్సు ఉంటే అది తీరిపోయిందని ఫారం 35 కావాలి. తమిళనాడు బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం కూడా. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

ఏడాదికి రెండు కోతల కోసమే అయితే, నన్నడిగితే కిరాయి లారీయే నయం.