ఢోలక్, డ్రమ్స్ కలిసి వాయించేటప్పుడు ఎవరు ఎక్కడ తగ్గాలి?

ఆర్కెస్ట్రాలోకి డ్రమ్స్ అతను కొత్తగా చేరాక మీ ఢోలక్, అతని డ్రమ్స్ కలిసి మోతైపోతున్నాయి, పాట వినబడటం లేదు, ఎవరు తగ్గాలి అని అడిగారు. నేను అమలాపురం, రాజోలు వైపు తీర్థాల్లో (జాతరల్లో), పెళ్లిళ్లలో చాలాకాలంగా ఢోలక్, తబలా వాయిస్తున్నాను. సౌండ్ తగ్గించుకున్నంత మాత్రాన ఇది తీరదండి. ఇద్దరూ ఒకే అక్షరం, అంటే తాళంలో ఒకే దెబ్బ, మీద పడుతున్నారు, చిక్కంతా అక్కడే.

మనకు ఎక్కువగా తగిలేది కహర్వా అనే తాళం నడక. ధా గే నా తి, నా కే ధి నా, ఎనిమిది అక్షరాలు. మామూలుగా డ్రమ్మర్ ఒకటి, ఐదు మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) వేస్తాడు. మూడు, ఏడు మీద స్నేర్ (పుల్లలతో కొట్టే, గట్టిగా పలికే చిన్న డ్రమ్ము) కొడతాడు. అంటే మీ మూడో అక్షరం 'నా', ఏడో అక్షరం 'ధి' రెండూ స్నేర్ కింద పడి పోతాయి. మెలోడీ పాటల్లో స్నేర్ నిండుగా కొట్టొద్దనండి. పుల్ల అడ్డంగా పెట్టి అంచు మీద టక్కుమనిపిస్తే చాలు, మీ ఎడమచేతి 'ధి' గుమ్మని బయటికొస్తుంది. ఇక రెండో అక్షరం 'గే' మీద కిక్ అస్సలు పడకూడదు. పాటకు ఊపు తెచ్చేది ఆ 'గే'నే. అందుకు బదులుగా మీరు మొదటి అక్షరంలో బేస్ (ఎడమ వైపు గుమ్మనే మోత) వదులుకోండి. 'ధా' బదులు కుడిచేత్తో 'నా' వేసి, ఆ బేస్ కిక్‌కి ఇచ్చేయండి. లేదంటే అక్కడ ఇద్దరి మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా 'దదబ్' అని రెండు దెబ్బలు వినబడతాయి.

రోల్ (వరసగా వేగంగా కొట్టే దెబ్బలు) ఎప్పుడూ ఒక్కరే వెయ్యాలి. మేమైతే పల్లవికి, మధ్య బిట్లకి డ్రమ్స్‌ని ముందుంచుతాం. చరణంలో డ్రమ్మర్ హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) మూసి సన్నగా పట్టుకుంటాడు, నడకంతా ఢోలక్‌దే. చరణం చివర ముక్తాయింపు (ముగించే దెబ్బల వరస) నాది, అది దిగిన చోట సింబల్ (కంచు పళ్లెం) అతనిది. దీనికి కంటిచూపు కలవాలి కాబట్టి హైహ్యాట్ వైపు, అతని చేతులు కనబడేలా కూర్చోండి. మాస్ బీట్ పాటలకి మాత్రం డ్రమ్సే ముందుండాలి, అక్కడ ఢోలక్ తగ్గడమే న్యాయం.

మన కోనసీమలో ఇంకో తంటా ఉంది, తేమ. అంతర్వేది తీర్థం లాంటి చోట, పక్కనే సముద్రం, అర్ధరాత్రయ్యేసరికి ఢోలక్ తోలు మెత్తబడి శ్రుతి దిగిపోతుంది. డ్రమ్స్ మీద ప్లాస్టిక్ పొర కాబట్టి దానికేం కాదు. దిగిన ఎడమ వైపు కిక్‌లో కలిసిపోయి, మీరు వాయిస్తున్నట్టే తెలియదు. అప్పుడు బలంగా కొడితే చేతులు వాయడమే తప్ప లాభం లేదు. రెండు పాటల మధ్య ఫోకస్ లైటు వేడి కాస్త తగలనిచ్చి, బోల్టులు బిగించుకోండి. మైక్‌సెట్ అతనికి చెప్పి ఢోలక్ ఎడమ మైకులో 100 హెర్ట్జ్ కింద ఉన్న లోతు మోతంతా తీయించండి, ఆ చోటు కిక్‌దీ బేస్ గిటార్‌దీ.