పులిచారలకు ఎంత, నాదానికి ఎంత? ఆర్చ్‌టాప్ గిటార్లపై మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ముప్పై వేల రూపాయలు పెడితే మంచి అకౌస్టిక్ గిటారే వస్తుంది. చేత్తో చేసిన ఆర్చ్‌టాప్ మాత్రం పది వేల డాలర్లంటున్నారు. ఆ డబ్బు కొయ్యకా, పేరుకా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రెంటికీ కొంత. ఎక్కువ భాగం పనిగంటలకు. మామూలు గిటార్ ముందు పలక బల్లపరుపుగా, మూడు మిల్లీమీటర్ల లోపు మందంతో ఉంటుంది. ఆర్చ్‌టాప్ పలక వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు వేడిచేసి వంచితే వచ్చింది కాదు, తొలిస్తే వచ్చింది. బొబ్బిలిలో ఏకాండి వీణకు పనస దుంగను తొలుస్తారే, ఆ పని లాంటిదే ఇదీ. స్ప్రూస్ దిమ్మను పుస్తకం తెరిచినట్టు రెండుగా చీల్చి, మందపు అంచులను మధ్యలో జిగురుతో అతికిస్తారు. అక్కడ మందం పాతిక మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ముందు బయటివైపు, తర్వాత లోపలివైపు ఉలితోనూ వేలెడంత చిత్రికతోనూ తీసుకుంటూ పోతే చివరికి బ్రిడ్జి (తీగలను మోసే చెక్క) కింద ఆరు మిల్లీమీటర్లు, అంచు దగ్గరి పల్లంలో మూడు మిల్లీమీటర్లు మిగులుతుంది. కొన్న కొయ్యలో ఎక్కువ భాగం నేల మీద పొట్టుగా పోతుంది. వెనక పలకకు మేపుల్‌తో మళ్లీ ఇదే పని, అది ఇంకా గట్టి కొయ్య.

పలకకు లోపలివైపు ఊతంగా అతికే కొయ్య పట్టీలను వంపుకు సరిగ్గా కూర్చోబెట్టడం మరో పెద్ద పని. పలకకు సుద్ద రాసి, పట్టీని అదిమి, తెల్లగా అంటిన చోటల్లా గీకుతారు. పట్టీ అడుగంతా సమానంగా తెల్లబడే దాకా అదే పని. తొందరపడి సందు వదిలేసి జిగురుతో నింపితే కొన్నేళ్లకు పట్టీ ఊడి గిటార్ గలగలమంటుంది.

న్యూయార్క్‌లో పేరుమోసిన ఆర్చ్‌టాప్ మేస్త్రి జాన్ డాంజెలికో 1932 నుంచి 1964లో చనిపోయే దాకా, సహాయకులతో కలిసి చేసినవి 1,164 గిటార్లు. ఒంటరిగా పనిచేసే మేస్త్రి ఏడాదికి పదో పన్నెండో చేస్తే గొప్ప. ఈ రోజు పేరున్న అమెరికన్ మేస్త్రుల దగ్గర పది వేల డాలర్ల నుంచి ముప్పై వేలు, ఆపైన కూడా ఉంది. పేరు ఇంకా పాకని మంచి పనివాడి దగ్గర అందులో సగానికే దొరకవచ్చు. మా మాట అడిగితే బేరం అక్కడే. డాంజెలికో, ఆయన శిష్యుడు జిమ్మీ డాక్విస్టో చేసినవి ఇప్పుడు సేకరణకర్తల సరుకు. వాయించేవాడు ఆ ధరతో పోటీ పడనక్కర్లేదు.

ప్రశ్న: వెనక పలక మీద పులిచారలు, తల మీద ముత్యపు చిప్ప పొదుగులు, బంగారు పూత మరలు. వీటివల్ల నాదం మారుతుందా? – గుంటూరు నుంచి

జవాబు: మారదు. అమెరికన్ ఆర్చ్‌టాప్ మేస్త్రి బాబ్ బెనెడెటో ఒకసారి ఇళ్లకు వాడే కణుపుల పైన్ కలపతో ఆర్చ్‌టాప్ చేసి చూపించాడు. అది చక్కగా పలికింది. చారల మేపుల్ అరుదు కాబట్టి ఖరీదు, అంతే. ముత్యపు చిప్ప పనికి గంటలు పడతాయి కాబట్టి దానికీ ఖరీదు. కళ్లకు ఆనందమే, కాదనం. కానీ చెవి కోసం కొంటున్నామని చెప్పుకోకండి.

నాదాన్ని నిజంగా మార్చే అలంకారం ఒకటుంది, అది టెయిల్‌పీస్, అంటే తోక దగ్గర తీగల కొసలను పట్టి ఉంచే భాగం. పాత రోజుల్లో బరువైన ఇత్తడి, దాని మీద చెక్కుడు పని. డాక్విస్టో దాన్ని తీసేసి ఎబొనీ అనే నల్లకొయ్యతో తేలికగా చేశాడు. దాని బరువు, తీగ బ్రిడ్జి మీద విరిగే కోణం రెండూ పలక మీద పడే ఒత్తిడిని, కదలికను మారుస్తాయి. లక్క మందం కూడా అంతే. అద్దంలా మెరవాలని దట్టంగా పోసిన లక్క పలకకు దుప్పటి కప్పినట్టే.

1990ల్లో స్కాట్ చినెరీ అనే అమెరికన్ సేకరణకర్త, డాక్విస్టో చేసిన నీలి గిటార్ చూసి, ఇతర మేస్త్రులకు కూడా అదే నీలి రంగులో, 18 అంగుళాల ఆర్చ్‌టాప్‌లే చేయమని పురమాయించాడు. రంగు ఒకటే, కొలత ఒకటే. అయినా చేతికో ఆకారం, చేతికో నాదం వచ్చాయి. వాటిని తర్వాత స్మిత్సోనియన్ మ్యూజియంలో ప్రదర్శనకు కూడా పెట్టారు.

కొనేముందు చూడాల్సింది ఇది: గిటార్‌ను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని వెలుతురు గీత పలక మీద పారేలా తిప్పండి. గీత అంచు పల్లంలోకి మెత్తగా జారాలి. ఎక్కడైనా మెలిక తిరిగితే అక్కడ తొలుపు సమంగా లేదు.

ప్రశ్న: ఒకే ధరలో రెండు విన్నాను. ఒకటి పొడిగా టకటకా, ఇంకోటి మెత్తగా. ఏది మంచిది? – వరంగల్ విద్యార్థి

జవాబు: లోపలి పట్టీలు ఎలా వేశారని అడగండి. మెడ నుంచి తోక వైపుకు రెండు పట్టీలు దాదాపు సమాంతరంగా వెళ్తే నాదం బిగ్గరగా, పొడిగా, దూరం దూసుకుపోయేలా ఉంటుంది. ఇంటూ గుర్తులా వేస్తే మెత్తగా, ఆస (మీటాక నాదం నిలిచి ఉండటం) ఎక్కువగా ఉంటుంది. ఆంప్లిఫయర్లు లేని కాలంలో జాజ్ బ్యాండ్లలో పది పదిహేను ఊదుడు వాద్యాల మధ్య గిటార్ తాళం వినబడాలి. అందుకే గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే గిటార్‌కు వయొలిన్‌కు లాగా ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెట్టింది, 1934లో 18 అంగుళాల సూపర్ 400 తెచ్చింది. ఆ 400 అంటే అప్పటి ధరే, డాలర్లలో. కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో దశాబ్దాలపాటు తాళం నిలబెట్టిన ఫ్రెడ్డీ గ్రీన్‌ది ఆ పొడి నాదమే. గదిలో ఒక్కరే కూర్చుని వాయించేవారికి ఇంటూ పట్టీలే హాయి.

మీరు డ్రమ్స్ పక్కన స్పీకర్ పెంచి వాయించేవారైతే చెక్కిన గిటారే వద్దంటాం. పలక ఎంత స్వేచ్ఛగా కదిలితే స్పీకర్ శబ్దానికి అంత తొందరగా కూత పెడుతుంది. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175కు పొరలు అతికించిన ప్లైవుడ్ పలక. చవకే, కానీ వేదిక మీద నిలబడుతుంది. చెక్కినదానికి పికప్ (తీగల కదలికను స్పీకర్‌కు పంపే అయస్కాంతపు పరికరం) కావాలంటే పలకకు కన్నం కొట్టకుండా నెక్ చివరకో, పిక్‌గార్డ్‌కో (పలకకు గీతలు పడకుండా పెట్టే రేకు) తగిలించే రకం పెట్టించండి. దానితో ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేస్తే కింది రెండు చుట్టు లేని తీగలు అరుస్తాయి, చుట్టు తీగలు నీరసంగా వినిపిస్తాయి. అయస్కాంతం బ్రాంజ్ చుట్టును పట్టించుకోదు, లోపలి ఉక్కునే వింటుంది. నికెల్ చుట్టు తీగలు వేయండి.

ప్రశ్న: తీగలన్నీ తీసి తుడిచాను. బ్రిడ్జి ఊడి చేతికొచ్చింది! మళ్లీ పెడితే పైమెట్లలో శ్రుతి కలవడం లేదు. – విజయవాడ నుంచి

జవాబు: భయపడకండి, ఆర్చ్‌టాప్ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలుస్తుంది. ఇకమీదట ఒక్కో తీగే మార్చండి, బ్రిడ్జి కాళ్ల చుట్టూ కాగితపు టేపుతో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు శ్రుతి చేసి, 12వ మెట్టు మీద తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరాన్ని, అదే మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరంతో ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని తోక వైపు, తగ్గుగా ఉంటే మెడ వైపు జరపండి. తీగలు కొంచెం వదులు చేసి, ఒక్కోసారి అర మిల్లీమీటరే. సన్నతీగ, లావుతీగ రెండూ కుదిరేదాకా. లావుతీగ వైపు కాస్త వెనక్కి ఒరగడం సహజం.

తర్వాత కాళ్ల కింద సన్నటి కాగితం దూర్చి చూడండి. దూరితే నాదం కారిపోతున్నట్టే. 120 నంబరు గరుకు కాగితాన్ని గరుకువైపు పైకి ఉండేలా పలక మీద టేపుతో అంటించి, బ్రిడ్జి అడుగును దాని సరైన చోటే, చిన్న చిన్న కదలికలతో రుద్దాలి. చివర 220తో. బ్రిడ్జిని ముందుకు వెనక్కి ఊపేస్తే అడుగు గుండ్రంగా అరిగిపోతుంది, కొత్తది చేయించాల్సిందే.

ప్రశ్న: డాలస్‌లో కొన్నది హైదరాబాద్ తేవాలి. జాగ్రత్తలు? – ఓ ప్రవాస పాఠకురాలు

జవాబు: ఏ కొయ్యతో చేశారో రాసిన బిల్లు దగ్గర పెట్టుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంటే అది 1992 నుంచీ సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా కదపవద్దు. విమానం దిగాక పెట్టెను ఒక రోజు మూసే ఉంచండి. చలినుంచి వేడికి ఒక్కసారిగా వస్తే పాతకాలపు నైట్రో (నైట్రోసెల్యులోజ్) లక్క గాజులా చిట్లుతుంది. గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య చాలు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు పలక కుంగి తీగలు మెట్లకు దిగుతాయి, మెట్ల కొసలు వేళ్లకు గీసుకుంటాయి. విశాఖ శ్రావణానికి తిరగబడి పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. రెండుసార్లూ నెక్‌లోని కడ్డీ తిప్పేయకండి, ముందు తేమ సరిచేసి వారం ఆగండి.

ప్రశ్న: మోహన వీణ కూడా ఆర్చ్‌టాపేనా? – తిరుపతి

జవాబు: అవును. హిందుస్తానీ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ ఆర్చ్‌టాప్ గిటార్‌నే మార్చి, మూడు రాగపు తీగలు, నెక్ పక్కన అదనపు చెక్కతో మరిన్ని, తరబ్ తీగలతో (మీటకుండానే అనునాదంతో మోగేవి) సహా మొత్తం ఇరవైకి తెచ్చారు. ఆరు తీగలకే సుమారు 70 కిలోల లాగుడు ఉంటుంది. చేత్తో చెక్కిన పలక ఆ ఆరింటి ఒత్తిడికే లెక్కకట్టి పలుచన చేసింది కాబట్టి, మీ దగ్గరున్న ఖరీదైన గిటార్‌కు ఈ మార్పు చేయించకండి. మొదటినుంచీ ఇరవై తీగల కోసం మందంగా చేయించినది వేరే కొనండి.