ధవళేశ్వరంలో 11.75 అంటే మా రేవులో ఎంత?

ప్ర: మాది కోనసీమలో గోదావరి లంక గ్రామం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెబుతారు. ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి తెల్లారేసరికి కాజ్‌వే మీద నీళ్లుంటాయి. ఎప్పుడు కదలాలి?

జ: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అవి బ్యారేజీ దగ్గరి కొలతలు. మీ రేవులో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అవి చెప్పవు, ఆ లెక్క ఊరే కట్టుకోవాలి. రేవు మెట్ల పక్క గోడ మీద అర అడుగుకో గీత చొప్పున ఆయిల్ పెయింటుతో వేయండి. వరదొచ్చినప్పుడు కాజ్‌వే మునిగిన వేళ, మొదటి ఇంటి గుమ్మం తడిసిన వేళ, బడి మెట్లెక్కిన వేళ ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందో పంచాయతీ పుస్తకంలో రాయండి. అక్కడ ఆ మట్టం నమోదైన ఎన్ని గంటలకు మీ దగ్గర నీరు లేచిందో కూడా రాయాలి. రెండు వరదలు ఇలా రాస్తే మీ ఊరికి సొంత హెచ్చరికలు తయారవుతాయి. ఏటి కోత, ఇసుక మేట వల్ల ఈ లెక్క మారుతుంది కాబట్టి ప్రతి వరదకూ సరిచూసుకోవాలి. ‘1986 పెద్ద వరదలోనే మా అరుగు తడవలేదు’ అన్న ధీమా పనికిరాదు.

ఇంకో పొరపాటు భద్రాచలం మీద ఒక్కదాని మీదే కన్నేయడం. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అక్కడి నీరు ధవళేశ్వరం రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కానీ ఉపనది శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. అందుకే ‘భద్రాచలంలో నిలకడగా ఉందట’ అని నిశ్చింతగా పడుకున్నా, శబరి పొంగితే ధవళేశ్వరంలో మట్టం పెరుగుతూనే ఉంటుంది. చింతూరు దగ్గర శబరి మట్టం కూడా అడిగి తెలుసుకోండి. సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లు తిథి కూడా చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి పోటుకు నీరు తొందరగా దిగదు.

ఇక కదలడం. చివరి ట్రిప్పు నుంచి వెనక్కి లెక్కేయండి. పడవ మీద దాటించాల్సినవాళ్లు 120 మంది, పడవకు 20 మంది, రానూపోనూ 40 నిమిషాలు అనుకుందాం. ఆరు ట్రిప్పులు, నాలుగు గంటలు. వడి పెరిగితే ఇదే ఎనిమిది గంటలవుతుంది. చీకటి పడకముందే ఆఖరి పడవ గట్టు చేరాలంటే ఉదయం పదికే మొదలెట్టాలి. నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను, మంచం పట్టినవాళ్లను మాత్రం మొదటి హెచ్చరికకే పంపేయండి. రోడ్డు ఉండగా ఆటోలో అయ్యే పనికి పడవ దాకా ఆగడం దేనికి?

ప్ర: ఏటిగట్టు అవతలి వాలు కింద, పొలం వైపు, నీరు బుడబుడమని ఊరుతోంది. బస్తాలు కుక్కి మూసేయవచ్చా?

జ: వద్దు. లోపలి నుంచి తోసుకొచ్చే నీటిని అక్కడ బిగిస్తే అది ఇంకోచోట దారి వెతుక్కుంటుంది. ముందు రంగు చూడండి. తేటగా వస్తుంటే మనిషిని కాపలా పెట్టి గమనిస్తే చాలు. బురదగా, ఇసుక కలిసి వస్తుంటే గట్టు కింద మట్టి కొట్టుకుపోతోందన్నమాట. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా రింగు కట్టండి. లోపల నిలిచిన నీరే ఊటను ఎదురు తోస్తుంది. తేట నీరు వచ్చేదాకా ఎత్తు పెంచి, పైన ఒక పక్క నీరు పారడానికి దారి వదలండి. వెంటనే నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కి, తహసీల్దారు ఆఫీసుకు కబురు చేయండి. రాత్రిళ్లు గస్తీకి ఇద్దరిద్దరు వెళ్లాలి.

బస్తా నిండుగా నింపితే రాయిలా బిగిసి సందులు పడతాయి. సగం, మహా అయితే మూడింట రెండు వంతులు నింపి, మూతి మడిచి కిందికి పెట్టి, కాళ్లతో తొక్కి పరవాలి. అడుగున వెడల్పు ఎత్తుకు మూడింతలుండాలి. యూరియా సంచులు నున్నగా ఉండి జారతాయి, ఎండకు పొడైపోతాయి. నిరుటివి లాగి చూశాకే నమ్మండి.

ప్ర: మునిగిన బావిలో బ్లీచింగ్ ఎంత వేయాలి?

జ: ముందు మోటారుతో తోడి, అడుగు బురద తీయించండి. బురద నీటిలో క్లోరిన్ వృథా అవుతుంది. బావి వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, నీటి లోతుతో, 785తో గుణిస్తే (కొలతలు మీటర్లలో) లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరుంటే దాదాపు 9,400 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు చాలు, వరద తర్వాత కనీసం రెట్టింపు, అంటే ఈ బావికి 50 గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, పైన తేరిన నీటిని వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను బావిలో ముంచి బాగా కదపండి. అడుగున మిగిలిన సున్నం ముద్ద బావిలో పడేయకండి. గంట తర్వాత క్లోరోస్కోపుతో (నీటిలో క్లోరిన్ మిగిలిందో రంగుతో చూపే పరికరం) చూసి, రంగు రాకపోతే మళ్లీ వేయండి. మూత తీసి ఉంచిన పాత పౌడరు ఎంత వేసినా దండగ.

ప్ర: పశువుల సంగతి?

జ: నీరు లేస్తుంటే తలుగులు విప్పేయండి. కట్టేసిన గేదెకు ఈత వచ్చినా ఉపయోగం లేదు. మెరక మీదకు ఎండుగడ్డి ముందే చేర్చుకోండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి గోదారికి ఎర్రనీరు రాకముందే, మే, జూన్ నెలల్లోనే వేయించాలి.