వాకర్ మీద తువ్వాలు ఆరేస్తున్నాం

తెనాలి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఆమెకు 58 ఏళ్ళు, భర్తకు 71. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన ఆయన, పెరట్లో కుళాయి దగ్గర తడి బండ మీద జారి పడ్డారు. తుంటి దగ్గర ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. నాలుగున్నర నెలలు గడిచాయి. ఎక్స్‌రే బాగుందని, కాలి మీద పూర్తి బరువు మోపవచ్చని డాక్టరు చెప్పినా, ఆయన హాల్లో రెండు చుట్లు తిరిగి "ఇక నా వల్ల కాదు" అని కూర్చుంటున్నారు. రాత్రి మూడుసార్లు ఆమెను లేపుతున్నారు. "ఒకనాడు ఓపిక పట్టలేక, నా బతుకంతా మీ మంచం పక్కనే తెల్లారిపోతుందా అని అరిచేశాను. ఆయన కావాలనే నడవడం లేదా? నేనే చెడ్డదాన్నా? వాకర్ మీద ఇప్పుడు తువ్వాలు ఆరేస్తున్నాం" అని రాశారు.

మీ రెండు ప్రశ్నలకూ నా జవాబు కాదనే. అయితే ఆ తువ్వాలు సంగతి మాత్రం నన్ను ఆపేసింది, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్నదంతా మీరు యథాలాపంగా రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఎముక అతకడం వేరు, మనిషి మళ్ళీ నడవడం వేరు. ఎక్స్‌రేలో కనిపించేది మొదటిది మాత్రమే. పెద్ద వయసులో కొద్ది వారాలు మంచం పట్టినా తొడ కండరాలు కరిగిపోతాయి, నిలబడినప్పుడు తూకం తప్పుతుంది, వాటిని తిరిగి తెచ్చుకోవడానికి మంచంలో గడిపిన కాలానికి ఎన్నో రెట్లు పడుతుంది. తుంటి విరిగినవారిలో మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపించినా, ఏడాది వరకూ నెమ్మదిగా కొనసాగుతూనే ఉంటుంది. చాలామందికి పడకముందున్న నడక పూర్తిగా తిరిగి రాదు. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఎక్స్‌రే బాగుందన్న ఆనందంలో మీరు నెలలోపు పాత మనిషిని ఎదురుచూశారు, ఆయనా ఎదురుచూశారు, అది జరగకపోయేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు.

ఇక ఆయన మొండితనం గురించి. ఆయనది బద్ధకమని నేననుకోను, భయమని అనుకుంటున్నాను. నడిచేటప్పుడు తల ఎత్తకుండా నేల వంకే చూస్తారని మీరే రాశారు కదా. ఒకసారి పడినవాళ్ళకు గచ్చు మీద నీటి చుక్క కూడా గోతిలా కనిపిస్తుంది. బడినంతా కనుచూపుతో నడిపిన మనిషి "నాకు భయంగా ఉంది" అని భార్యతో అనలేక, కాఫీ చల్లారిందని మీ మీద కేకలేస్తున్నారు. కాబట్టి "భయపడకండి, ఏమీ కాదు" అనవద్దు, "ఏ చోట భయం వేస్తోంది?" అని అడగండి. గడప దగ్గర అంటే గడప సంగతి, బాత్రూంలో అంటే బాత్రూం సంగతి చూడవచ్చు. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, జారని రబ్బరు చాప, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు, ఇవి పెట్టడానికి ఒక పూట చాలు.

మీతో కొంచెం కటువుగా మాట్లాడవలసిన చోటు ఇది. మంచినీళ్ళు, పేపరు, కళ్ళజోడు, మందులు అన్నీ ఆయన చేతికే అందిస్తున్నానని రాశారు. అది ప్రేమే, కాదనను. కానీ రోజులో ఆయన లేవవలసిన ఇరవై సందర్భాలను మీరే లేకుండా చేసి, సాయంత్రం వ్యాయామం చేయలేదని బాధపడుతున్నారు. పేపరును అరుగు మీద పెట్టండి, కాఫీని భోజనాల బల్ల దగ్గర ఇవ్వండి. ఆయన లేచి వచ్చేలోపు చల్లారితే మళ్ళీ వేడి చేసి ఇవ్వండి, అంతేగాని గ్లాసు పట్టుకుని మంచం దగ్గరకు వెళ్ళకండి. వ్యాయామం చెప్పే పని కూడా మీది కాదు, ఎందుకంటే భార్య చెబితే అది పోరుగానే వినిపిస్తుంది. వారానికి రెండుసార్లయినా ఫిజియోథెరపిస్టును ఇంటికి రప్పించండి. గోడకు ఆనించిన, చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎన్నిసార్లు చేయాలో, నొప్పి మాత్ర వ్యాయామానికి ఎంత ముందు వేసుకోవాలో వారినీ డాక్టరునూ అడిగి, ఆ లెక్క ఆయన చేతే రాయించండి. జీవితమంతా హాజరు పట్టీలు రాసిన మనిషి. తన హాజరు తాను వేసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఇచ్చి చూడండి.

మీ ఆడపడుచు చెప్పిన పుత్తూరు కట్టు, నూనె మర్దన గురించి అడిగారు. లోపల రాడ్ ఉన్న కాలికి సర్జన్‌ను అడగకుండా ఏ కట్టూ, గట్టి మర్దనా వద్దు. రాగి జావ, పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం నిరభ్యంతరంగా పెట్టండి. వీటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష, విటమిన్ డి పరీక్ష, ఎముకకు బలమిచ్చే మందు గురించి ఈసారి డాక్టరును మీరే అడగండి, లేకపోతే రెండో కాలికీ ఇదే ప్రమాదం. మీ వయసుకు మీరూ ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.

రాత్రి మూత్రానికి మూడుసార్లు లేవడాన్ని వయసు మీదకు తోసేయకుండా ప్రోస్టేట్ పరీక్ష చేయించండి, బీపీ మాత్ర వేసుకునే వేళ గురించి కూడా అడగండి. ఈలోగా మెడికల్ షాపులో దొరికే ప్లాస్టిక్ యూరిన్ పాట్ మంచం పక్కన ఉంటే మీ నిద్ర సగం మిగులుతుంది. ఆయనను చంకల కింద చేతులు వేసి లేపుతున్నానన్నారు. అది మీ నడుముకూ ఆయన భుజానికీ మంచిది కాదు. మంచం అంచున ఒక నిమిషం కూర్చోనిచ్చి, ఆయన చేతులతో ఆయనే ఒత్తి లేచేలా చేయండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పేపరు మీద కూడా ఆసక్తి పోయి, తిండీ నిద్రా తగ్గి, "పోతే బాగుండు" అనే మాటలు రెండు వారాలు సాగితే అది కుంగుబాటు, దానికి మందుంది. 14416కు ఫోన్ చేస్తే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

మీరు అరిచిన సంగతికి వస్తాను. నాలుగున్నర నెలలుగా నేల మీద చాప వేసుకుని, రాత్రికి మూడుసార్లు లేస్తున్న మనిషి ఒకసారి అరవడం తప్పు కాదు. బెంగళూరులోని మీ అబ్బాయి అడిగిన ప్రతిసారీ "నేను చూసుకుంటాలే నాన్నా" అన్నారు చూడండి, నా దృష్టిలో పొరపాటు అదే. ఇకమీదట అతనితో "పొద్దున రెండు గంటలకు ఒక మనిషిని పెట్టు, జీతం నువ్వు పంపు" అని సూటిగా చెప్పండి. ఆ రెండు గంటలూ మీరు గుడికి వెళ్తారో నిద్రపోతారో మీ ఇష్టం. ఆయనతో మాత్రం ఒక మాట అనండి: "ఆరోజు అరిచింది మీ మీద కాదండీ, అలసట మీద. మీ కాలు ఎంత నెమ్మదిగా బాగైనా నాకు ఫరవాలేదు, కానీ మీరు లేవడం మానేస్తే నాకు భయం."

చివరిగా, మాఘమాసంలో మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు విజయవాడ వెళ్ళగలరా అని అడిగారు. సర్జన్ సరేనంటే వెళ్ళండి. కారులో ముందు సీటు వెనక్కి జరిపి, ఎత్తుకు ఒక దిండు వేస్తే ఆ దూరం కష్టం కాదు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. ఆ సాధన ఇప్పటినుంచే ఫిజియోథెరపిస్టు దగ్గర చేయించండి. ఫంక్షన్ హాలుకు ఎన్ని మెట్లున్నాయో, కమోడ్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఆ ఫోనేదో మీరు చేయకుండా, ఆయన చేతే చేయించండి.