మూన్‌ఫేజ్ కలవడం లేదా? రిపేరు అక్కర్లేదు

వారం పాటు ఆగిన వాచీకి తేదీ సరిచేసినా మూన్‌ఫేజ్‌లో (డయల్ మీది కిటికీలో చంద్రకళ చూపే బొమ్మ) చంద్రుడు మాత్రం తప్పుగానే ఉన్నాడన్నారు కదండీ. అది సెట్టింగ్ సంగతే.

ముందు ముళ్లను తేదీ మారేదాకా ముందుకే తిప్పి, అక్కణ్ణుంచి ఉదయం 6 దగ్గర ఆపండి. రాత్రి 9 నుంచి 3 దాకా తేదీ మార్చే చక్రాల పళ్లు పట్టులో ఉంటాయి. అప్పుడు చంద్రుణ్ణి జరిపే బటన్ నొక్కితే పన్ను విరగొచ్చు, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. తర్వాత కేసు అంచున గుంటలో ఉన్న బటన్‌ని వాచీతో ఇచ్చిన పుల్లతోనే నొక్కుతూ (పిన్నీసు వద్దు, గీతలు పడతాయి) నిండు చంద్రుణ్ణి కిటికీ నడిమధ్యకు తెండి. పోయిన పౌర్ణమి నుంచి ఎన్ని రోజులైతే అన్ని నొక్కులు.

చంద్రుణ్ణి తిప్పేది 59 పళ్ల చక్రమైతే చాంద్రమాసాన్ని 29.5 రోజులుగా లెక్కేస్తుంది, అసలుది 29.53. ఆపకుండా నడిచినా రెండున్నరేళ్లు దాటాక ఒక రోజు ముందుకెళ్తుంది. 135 పళ్లదైతే ఆ తేడా రావడానికి దాదాపు 122 ఏళ్లు.