టెక్ సందేహాలు: రెండు ఫామ్ 16లు, ఒక రిటర్న్

ప్రశ్న: ఆగస్టు ఆఖరులో లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. అప్పుడు జీతం నెలకు లక్షా 30 వేలు. డిసెంబరులో 90 వేలకు వేరే కంపెనీలో చేరాను. రెండు ఫామ్ 16లు (ఏడాదిలో ఇచ్చిన జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే పత్రాలు) ఉన్నాయని మా కన్సల్టెంట్ ఈసారి రిటర్న్‌కు 4 వేలు అడుగుతున్నారు. ఈఎంఐలు కట్టడానికే కటకటగా ఉంది. నేనే వేసుకోగలనా? నోటీసు వస్తుందేమోనని టెన్షన్.
- కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వేసుకోగలరు. పైగా మీకు డబ్బు వెనక్కి రావాలి. మొదటి కంపెనీ మీరు ఏడాది పొడవునా అక్కడే ఉంటారనుకుని, 15 లక్షల 60 వేల జీతం మీద లెక్కగట్టి టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, కోసింది. కొత్త పన్ను విధానంలో అది నెలకు సుమారు 8,900. ఐదు నెలలకు 44 వేల పైమాటే. నిజానికి మీకు ఏడాది మొత్తానికి వచ్చింది 6.5 లక్షలు, 3.6 లక్షలు కలిపి 10 లక్షల 10 వేలు. అందులో జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 9.35 లక్షలు. 2025-26కు కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి మీ పన్ను సున్నా. కోసిన 44 వేలూ మీవే. రిటర్న్ వేయకపోతే మాత్రం అవి అక్కడే ఉండిపోతాయి.

ఇక పని. ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పాన్ నంబరుతో లాగిన్ అవ్వండి. ఫైలింగ్‌కు రూపాయి కూడా తీసుకోరు. ఫారం తెరిచే ముందు ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. పాన్‌ను చిన్న అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదలకుండా పుట్టిన తేదీ ఎనిమిది అంకెలు వేస్తే తెరుచుకుంటుంది. జీతం, బ్యాంకు వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అందులో ఉంటాయి. మీరు మర్చిపోయిన పాత ఖాతాలో పడిన 1,100 రూపాయల వడ్డీ కూడా. నోటీసులు ఎక్కువగా వచ్చేది ఇలాంటివి వదిలేసినందుకే. ఖాళీగా ఉన్న మూడు నెలల్లో పీఎఫ్ డబ్బు తీసి ఉంటే అదీ చూడండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను లెక్కలోకి వస్తుంది.

అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది, 2026-27 ఎంచుకోండి. 2025-26 ఆదాయమే కదా అని ఆ ఏడాదే నొక్కేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫారం ఐటీఆర్-1. చాలా గళ్లు ముందే నిండి ఉంటాయి, అయినా నమ్మేయకండి. రెండు ఫామ్ 16లూ పక్కన పెట్టుకుని జీతాలు కలిపారో లేదో, టీడీఎస్ పట్టికలో మొదటి కంపెనీ వరుస ఉందో లేదో చూడండి. స్టాండర్డ్ డిడక్షన్ రెండు కంపెనీలూ విడివిడిగా చూపించి ఉంటాయి. మీకు దక్కేది ఒక్కసారే. మధ్యమధ్యలో డ్రాఫ్ట్ సేవ్ చేస్తూ ఉండండి, టీ తాగి వచ్చేసరికి సెషన్ అయిపోతుంది.

సబ్మిట్ కొట్టాక పని అయిపోయినట్టు కాదు. 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అంటే ఆ రిటర్న్ వేసింది మీరేనని ఆన్‌లైన్‌లో నిర్ధారించాలి. నేను ఒక ఏడాది రిటర్న్ వేసి, ఈ సంగతి మర్చిపోయి, రిఫండ్ ఎందుకు రాలేదని తల పట్టుకున్నాను. ఆధార్ ఓటీపీ సులువు. ఆధార్‌కు ఇచ్చింది పాత సిమ్ నంబరైతే నెట్ బ్యాంకింగ్‌తో చేయండి. రిఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో వ్యాలిడేట్ చేయడం మరవకండి. గడువు మామూలుగా జులై 31. దాటితే మీ ఆదాయానికి లేటు ఫీజు 5 వేలు, అంటే కన్సల్టెంట్ అడిగినదానికన్నా ఎక్కువ.

అలాగని అందరూ సొంతంగా వేసేయమని నేను చెప్పను. ఎఫ్ అండ్ ఓ (షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్, కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు ఉన్నవాళ్లు ఆ 4 వేలు ఇచ్చి సీఏ దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన, అద్దె, విరాళాల్లాంటి మినహాయింపులు చూపించుకునే పాత పన్ను విధానంలో రిటర్న్ వేసి 60 వేలు రిఫండ్ తెప్పిస్తానంటున్నాడు, పది శాతం ఇస్తే చాలట. నమ్మొచ్చా?
- విజయవాడ

జవాబు: వద్దు. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళం చూపించి తెప్పించే రిఫండ్ అది. ఇలాంటి ఏజెంట్ల మీద 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల సోదాలు చేసింది. తప్పుడు లెక్క బయటపడితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా. కట్టాల్సింది మీరు, పది శాతం పట్టుకెళ్లిన ఆయన కాదు. ఇదివరకే ఆయనతో వేయించి ఉంటే, ఇవాళే లాగిన్ అయి ప్రొఫైల్‌లో ఏ ఈ-మెయిల్, ఏ ఫోన్ నంబరు ఉన్నాయో చూడండి. ఆయనవి ఉంటే నోటీసు ఆయనకు వెళ్తుంది, మీకు తెలియదు.

ప్రశ్న: '15,490 రిఫండ్ మంజూరైంది, ఖాతా సరిచూసుకోండి' అని లింకుతో ఎస్సెమ్మెస్ వచ్చింది. నొక్కనా?
- కరీంనగర్

జవాబు: నొక్కకండి. రిఫండ్ నిజంగా ఉంటే లాగిన్ అయినప్పుడు రిటర్న్ స్టేటస్‌లో కనిపిస్తుంది. అందుకోసం కార్డు నంబరు, పిన్ ఎవరూ అడగరు. ఇప్పటికే నొక్కి వివరాలు ఇచ్చేసి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.