గొడ్ల కొట్టంలో ఉన్న పిల్లవాడి గురించి

చిరంజీవి అమ్మాయికి, అత్త ఆశీస్సులు.

నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. బీపీ చూడటానికి పోయిన ఇంట్లో మానసిక జబ్బున్న పాతికేళ్ల పిల్లవాడిని గొడ్ల కొట్టంలో గుంజకు గొలుసేసి కట్టారని చెప్తూ ఏడ్చావు. తెల్లారగానే పోలీసులకు చెప్తానన్నావు. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, అందులో సగం మానసిక రోగుల వార్డులోనే. నా మాట విని ముందు ఆ తల్లి పక్కన కూర్చో.

ఎందుకు కట్టేశావని ఆమెను అడగొద్దు. రాత్రి నిద్రపోయి ఎన్నాళ్లయిందని అడుగు. ఇలాంటి ఇళ్లలో కట్టేయడానికి ముందు ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఒక రాత్రి హైవే మీదికి పోయి ఉంటాడు, లేదా బావి గట్టు మీద కనిపించి ఉంటాడు, లేదా ఎవరినో కొడితే ఊళ్లో పంచాయితీ అయి ఉంటుంది. ఆ సంగతి ఆమె నోటితోనే రానీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక తండ్రిని పదిమందిలో తిట్టాను, కేసు పెట్టిస్తానన్నాను. వారం తిరిగేసరికి ఆ ఇంటికి తాళం పడింది. కొడుకును ఏ చుట్టాల ఊరికి తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లవాడికి మందు అందకుండా చేసింది నేనేనన్న బాధ నాకింకా పోలేదు.

చట్టం వద్దని కాదు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు మా వార్డులో ఎవరూ అన్నం తినలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 95వ సెక్షన్ ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదని చెప్తుంది. ఇంట్లో వాళ్లే హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా పోలీసు అధికారి మెజిస్ట్రేటుకు తెలియజేయాలని 101వ సెక్షన్ చెప్తుంది. తిండి పెట్టకపోవడం, కొట్టడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకు, ఫిర్యాదు చెయ్. ఇక్కడ నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆ తల్లి కొడుక్కి తానే అన్నం కలిపి పెడుతోంది. ఆమెకు కావలసింది మనిషి సాయం.

వారాల తరబడి ఆగమనడం లేదు. రేపే వెళ్లు. దూది, పుండుకు రాసే మందు తీసుకుపో, గొలుసు ఉన్న కాలికి పుండు ఉంటుంది. కట్టు కట్టాలి, గొలుసు తియ్యమ్మా అంటే ఆమె తీస్తుంది. నువ్వున్నంతసేపూ తియ్యనీ, స్నానం చేయించండి. ఆ పిల్లవాడిని పేరు పెట్టి పిలువు. నువ్వెవరో, ఏం చేయబోతున్నావో అతనికి చెప్పు. అందరూ అతని గురించి అతని ఎదుటే, అతను లేనట్టు మాట్లాడుతుంటారు. అతను బదులివ్వకపోయినా నువ్వు మాత్రం చెప్పు.

అక్కడ కూర్చునే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. స్పీకర్ పెట్టి తల్లితోనే మాట్లాడించు. రెండు మూడు రోజుల్లో జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. డాక్టర్ ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కో. అంతదూరం పోయి తిరిగొచ్చారంటే ఆ తల్లి మళ్లీ కదలదు. మెడలో తాయెత్తు ఉంటే దాని జోలికి పోవద్దు. తాయెత్తు ఉండనీ, మాత్ర కూడా వేద్దాం అంటే చాలు.

మందుల సంగతి తల్లికి విడమరచి చెప్పకపోతే అంతా పాడవుతుంది. ఈ మాత్రలు తలనొప్పి బిళ్లల్లా గంటలో పనిచేయవు, గుణం కనపడటానికి వారాలు పడుతుంది. మొదట్లో మగతగా ఉంటాడు, చేతులు వణకొచ్చు, ఒళ్లు బిగుసుకోవచ్చు. అప్పుడు మాత్రలు ఆపకుండా డాక్టర్‌కు చెప్పాలి, మందు మారుస్తారు. మాత్రలు మింగనని మొండికేస్తే నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉందా అని అడగండి. నాకు అన్నిటికంటే భయం బాగైన రోజుల గురించే. బాగైపోయాడు కదా అని మానేస్తారు, కొన్ని నెలలకు మొదటికొస్తుంది. శెనక్కాయ పీకే రోజుల్లో ఎవరూ ఆస్పత్రికి పోరు. అందుకే మాత్రలు అయిపోవడానికి వారం ముందే నువ్వు గుర్తు చెయ్. నీ రిజిస్టర్‌లో అతని పేరు పక్కన ఆ తేదీ రాసుకో.

ఇదంతా పల్లెలో సాధ్యమేనా అంటావేమో. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు పీహెచ్‌సీ డాక్టర్లకూ నీలాంటి ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి చేసి చూపించారు. ఆ అనుభవంతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. పెద్దాస్పత్రుల గోడల మధ్య ఏళ్లకేళ్లు ఉంచడం కంటే ఇంటి దగ్గర మందు అందించడం మేలని నేను కళ్లారా చూశాను.

కాస్త కుదుటపడ్డాక వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు తీసుకుపో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని తేలితే పెన్షన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పెన్షన్ 6,000 రూపాయలు చేశారు. బస్సు చార్జీలకు, కూలి పోయిన రోజులకు అది ఆధారం. పక్కింటివాళ్లతో కూడా మాట్లాడు. పిచ్చోడు అనే మాట వాళ్లు మానుకుంటే అతను గడప దాటి వస్తాడు. అరుగు మీద కూర్చుని రేషన్ బియ్యం చెరిగే పనైనా అతని చేతికి ఇవ్వమను.

ఆ తల్లి ఒకరోజు నిన్ను అడుగుతుంది, నేను పోయాక వీడినెవరు చూస్తారని. ఏదో ఒకటవుతుందిలే అని మాత్రం అనొద్దు. ఇలాంటివాళ్లు ఊళ్లో అందరితోపాటు బతకడం హక్కని ఆ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్‌లో రాశారు. తల్లీతండ్రీ లేనివాళ్లు ఉండటానికి కావలసిన ఇళ్లు మాత్రం చాలినన్ని కట్టలేదు. నాకు ప్రభుత్వం మీద ఉన్న కోపం ఇదే. ఆమె బాగా ఉన్నప్పుడే అన్ననో మేనమామనో ఆస్పత్రికి తోడు తీసుకుపోతుండాలి, మందుల పేర్లు ఆ మనిషికీ తెలిసుండాలి.

నేను ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆ పూట పిల్లవాడి దగ్గర నేను కూర్చుంటాను. ఆమెను మీ ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, పడుకోబెట్టు. సాయంత్రం దాకా లేపొద్దు.

మీ అత్త